అడిగిన ఇంటినే మళ్లీ అడిగిన సర్వేలు: వాటిని చదవడం మన పరిశోధకులకు ఎందుకు నేర్పడం లేదు?

సోషల్ సైన్సెస్‌లో పీహెచ్‌డీకి చేరిన విద్యార్థిని మన యూనివర్సిటీల్లో ముందుగా అడిగే ప్రశ్న ఒకటే: శాంపిల్ ఎంత? రెండు మండలాలు, నాలుగు ఊళ్లు, మూడు వందల కుటుంబాలు అని జవాబొస్తే గైడ్ సరేనంటారు. ప్రశ్నావళి తయారవుతుంది. విద్యార్థి ఎండనపడి తిరుగుతాడు, జవాబులు ఎక్సెల్‌లోకి ఎక్కిస్తాడు, శాతాల పట్టికలు వేస్తాడు. థీసిస్ పేరు చూస్తే మాత్రం చాలాసార్లు ‘ఫలానా పథకం వల్ల ఫలానా వర్గాల జీవితాల్లో వచ్చిన మార్పు’ అని ఉంటుంది. ఒక్కసారి వెళ్లి, ఒక్కసారి అడిగి, మార్పు గురించి రాసేస్తున్నాం. దీని మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది.

నేను పరిశోధక విద్యార్థులకు గణాంక పద్ధతులు నేర్పుతాను. మార్పు గురించి రాయాలనుకుంటే, కొంతకాలం గడిచాక అదే మనిషిని మళ్లీ కలిసిన సర్వే కావాలని వాళ్లకు చెబుతుంటాను. మూడు నాలుగేళ్ల ఫెలోషిప్పుతో, చేతి డబ్బులతో బస్సులెక్కి తిరిగే ఒక్క విద్యార్థి వల్ల అయ్యే పని కాదది. అక్కర్లేదు కూడా. మన జిల్లాల్లోనే, మన పిల్లల మీద, మన సేద్యపు కుటుంబాల మీద అలాంటి సర్వేలు దశాబ్దాలుగా జరిగాయి. పేరు నమోదు చేసుకుని, షరతులకు ఒప్పుకుంటే చాలు, ఆ డేటా ఉచితంగా దొరుకుతుంది. దాన్ని వాడుకుని ఆక్స్‌ఫర్డ్‌లోనూ అమెరికాలోనూ పేపర్లు రాస్తున్నారు. శ్రీకాకుళంలోనో మహబూబ్‌నగర్‌లోనో ఎంఏ చదివే పిల్లలకు మాత్రం ఆ సర్వేల పేర్లే తెలియవు.

ముందు ఒక తేడా స్పష్టం చేసుకోవాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే మనందరికీ పరిచయమే. వయసుకు తగ్గ ఎత్తు లేని ఐదేళ్లలోపు పిల్లలు ఆంధ్రప్రదేశ్‌లో 2015-16 సర్వే ప్రకారం 31.4 శాతం, 2019-21 సర్వే ప్రకారం 31.2 శాతం. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి ‘పరిస్థితిలో మార్పు లేదు’ అని రాస్తుంటాం. రాష్ట్రం మొత్తానికి చూస్తే ఆ మాట సరైనదే. అయితే రెండోసారి కొలిచిన పిల్లలు వేరు. మొదటిసారి కొలతలిచ్చిన పిల్లల్లో చాలామంది అప్పటికే ఐదేళ్లు దాటేశారు. ఎత్తు తక్కువగా ఉన్న ఒక పిల్ల తర్వాత కోలుకుందా, బాగున్న పిల్ల వెనకబడిందా అని అడిగితే ఈ సర్వే దగ్గర జవాబుండదు. వంద మంది పిల్లల్లో రెండుసార్లూ ముప్పై మందే కురచగా తేలారనుకోండి. ఆ ముప్పై మందే అలా ఉండిపోయి ఉండొచ్చు. లేదా పదిహేను మంది కోలుకుంటే, ఇంకో పదిహేను మంది కొత్తగా వెనకబడి ఉండొచ్చు. మొత్తం మారకపోయినా ఈ రెండూ పూర్తిగా వేర్వేరు సమాజాలు, వాటికి కావలసిన విధానాలూ వేరు. మొదటి దాంట్లో రెండేళ్లు నిండేలోపే అంతా తేలిపోతోంది. రెండో దాంట్లో బడి వయసులో కూడా చేయగలిగింది ఉంది.

ఈ ప్రశ్నకు జవాబు చెప్పగల డేటా మన దగ్గరుంది. దాని పేరు యంగ్ లైవ్స్. ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ఆధ్వర్యంలో ఇథియోపియా, పెరూ, వియత్నాంలతో పాటు మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో మొదలైంది. 2001-02లో పుట్టిన 2,011 మంది, 1994-95లో పుట్టిన 1,008 మంది పిల్లలను తీసుకున్నారు. శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి, కడప, అనంతపురం, కరీంనగర్, మహబూబ్‌నగర్, హైదరాబాద్ జిల్లాల్లో మొత్తం ఇరవై చోట్ల వాళ్లను ఎంచుకున్నారు. 2002, 2006-07, 2009, 2013, 2016 సంవత్సరాల్లో ఆ పిల్లల దగ్గరికే మళ్లీ వెళ్లారు. కోవిడ్ కాలంలో ఫోన్లు చేసి అడిగారు. 2023-24లో మళ్లీ కలిశారు. ఏడాది వయసులో తల్లి ఒళ్లో ఉండగా కొలిచిన పిల్లలను ఇరవై రెండేళ్ల వయసులో పని గురించి, పెళ్లి గురించి అడిగారన్నమాట.

రెండు వయసుల పిల్లలను ఎందుకు తీసుకున్నారో విద్యార్థులకు వివరించడం నాకు చాలా ఇష్టం. పెద్ద బృందానికి ఎనిమిదేళ్లున్నది 2002లో. చిన్న బృందానికి అదే వయసు వచ్చింది 2009లో. ఒకే వయసు, ఏడేళ్ల తేడా. ఎనిమిదేళ్ల వయసులో ప్రైవేటు బడిలో ఉన్నవాళ్లు పెద్ద బృందంలో 24 శాతం, చిన్న బృందంలో 44 శాతం. ప్రైవేటు బడులు పెరిగాయని మనం ఊళ్లో కళ్లారా చూసిందే. ఆ పెరుగుదలలో ఆడపిల్లల వాటా మగపిల్లలతో సమానంగా లేదని, ఇంట్లో డబ్బులు ఒకరి ఫీజుకే సరిపోయినప్పుడు ఆ ఒకరు ఎవరో ఈ డేటాలో కనిపిస్తుందని చెప్పినప్పుడు క్లాసు నిశ్శబ్దమైపోతుంది. తమ ఇంట్లో జరిగిన సంగతే అంకెల్లో ఎదురైతే ఎవరైనా ఒక్క క్షణం ఆగుతారు.

ఈ డేటాతో వచ్చిన పనుల్లో నేను తరచూ చదివించేది మధ్యాహ్న భోజనం మీద అభిజీత్ సింగ్, ఆల్బర్ట్ పార్క్, స్టెఫాన్ డెర్కాన్ చేసిన పరిశోధన. నేపథ్యం మనకు తెలిసిందే. వండిన భోజనం పెట్టాలని సుప్రీంకోర్టు 2001 నవంబరులో ఆదేశించింది. మన రాష్ట్రంలో 2003 జనవరిలో మొదలుపెట్టారు. సరిగ్గా అదే సమయంలో, 2002-03లో, రాష్ట్రాన్ని పెద్ద కరువు కమ్మేసింది. చిన్న బృందం పిల్లలు అప్పుడు ఏడాది, ఏడాదిన్నర వయసువాళ్లు. ఎదుగుదలకు అదే కీలకమైన వయసు. ఆ పిల్లల్లో కొందరు 2006-07 విడత నాటికి సర్కారు బడిలో చేరి మధ్యాహ్నం అన్నం తింటున్నారు, కొందరు ఇంకా చేరలేదు. కరువు దెబ్బ తగిలిన కుటుంబాలేవో సర్వే అడిగి తెలుసుకుంది. 2002లోనూ 2006-07లోనూ ఆ పిల్లల ఎత్తు, బరువు కొలిచి ఉన్నాయి. కరువు వల్ల పిల్లల ఒంట్లో పడిన లోటును బడి భోజనం పూడ్చిందని ఈ పరిశోధన చూపింది. 2007లో ఒక్కసారి వెళ్లి బడి భోజనం తినేవాళ్లనూ తిననివాళ్లనూ పోల్చి ఉంటే ఈ మాట చెప్పడం సాధ్యమయ్యేదా? సర్కారు బడికి వచ్చేది పేద పిల్లలే కాబట్టి, అన్నం తినేవాళ్లే బక్కగా ఉన్నారని తేలేది. ఎవరో ఒకరు దాన్ని పట్టుకుని పథకం దండగ అని కూడా రాసేవారు.

అంతకన్నా పాత నిధి ఒకటుంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ అనే అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ 1975లో గ్రామ అధ్యయనాలు మొదలుపెట్టింది. అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఔరేపల్లి, దోకూరు, మహారాష్ట్రలోని షోలాపూర్, అకోలా జిల్లాల్లో రెండేసి ఊళ్లు. ఊరికి నలభై కుటుంబాలు. అందులో పది భూమి లేని కూలీలవి, ముప్పై సేద్యం చేసే వాళ్లవి. సర్వే చేసేవాళ్లు ఊళ్లోనే కాపురముండి కొద్ది వారాలకోసారి ఇంటింటికీ వెళ్లి పంట, కూలి, అప్పు, తిండి అన్నీ రాసుకున్నారు. ఆర్థికవేత్త రాబర్ట్ టౌన్సెండ్ 1994లో గ్రామీణ భారతంలో రిస్కు గురించి రాసిన ప్రసిద్ధమైన పేపరుకు ఆధారం ఈ ఊళ్లలో మూడు. ఒక ఇంటి ఆదాయం పడిపోయినంతగా ఆ ఇంటి తిండి పడిపోవడం లేదు, ఊరంతటి తిండితో పాటే అది పెరుగుతోంది, తగ్గుతోంది అని ఆయన చూపాడు. రోజెన్‌జ్వైగ్, స్టార్క్ అనే ఆర్థికవేత్తలు 1989లో ఇంకో సంగతి చూపారు. కూతుళ్లను దూరపు ఊళ్లకు ఇచ్చిన కుటుంబాలకు వానలు పడని ఏడాది తిండికి ఒడిదుడుకులు తక్కువ. మన దగ్గర వాన లేకపోయినా వియ్యంకుడి ఊళ్లో పడి ఉండొచ్చు కదా. పాలమూరు పల్లెల్లో సంబంధాలు కుదిర్చే పెద్దమనిషికి ఇది కొత్త విషయం కాదు. అయినా దాన్ని ఏళ్ల తరబడి రాసిపెట్టిన లెక్కలతో నిరూపించినప్పుడే ఆర్థికశాస్త్రం ఒప్పుకుంది. ఔరేపల్లికి గంటల ప్రయాణంలో ఉన్న మన విద్యార్థి ఆ పేపరు రాయకపోవడానికి కారణం తెలివి తక్కువై కాదు. ఆ డేటా ఉందని, దాన్ని చదవవచ్చని ఎవరూ చెప్పలేదు.

దేశమంతటికీ కావాలంటే ఢిల్లీలోని ఆర్థిక పరిశోధన సంస్థ ఎన్‌సీఏఈఆర్, అమెరికాలోని మేరీల్యాండ్ యూనివర్సిటీ కలిసి చేసిన భారత మానవాభివృద్ధి సర్వే ఉంది. 2004-05లో అడిగిన కుటుంబాల్లో 83 శాతాన్ని 2011-12లో మళ్లీ కలిశారు. వృద్ధుల గురించైతే 2017-18లో మొదటి విడత జరిగిన లాసీ అనే సర్వే ఉంది. వీటి గురించి మరోసారి ఎప్పుడైనా రాస్తాను.

ఇక నేర్చుకునే విషయానికి వస్తాను. లాంగిట్యూడినల్ డేటా, అంటే ఇలా అదే మనుషులను మళ్లీ మళ్లీ అడిగి సేకరించిన డేటా అనగానే విద్యార్థులు సాఫ్ట్‌వేర్ గురించి అడుగుతారు. స్టాటా కొనాలా, ఆర్ చాలా అని. ఆర్ ఉచితం, అది చాలు. కష్టం అక్కడ లేదు. మొదటి నెల కంప్యూటరు తెరవకుండా ప్రశ్నావళి చదవమంటాను. ప్రతి విడత ప్రశ్నావళినీ పక్కపక్కన పెట్టుకుని చదవాలి. ఒక విడతలో ‘గత పన్నెండు నెలల్లో’ అని అడిగిన ప్రశ్నను ఇంకో విడతలో ‘గతసారి మేం వచ్చినప్పటి నుంచి’ అని అడిగి ఉంటే, రెండు జవాబులనూ ఒకే తక్కెడలో వేయకూడదు. ప్రశ్న మారినప్పుడు జవాబు మారితే, అది జీవితంలో మార్పు కాదు. మొదటిసారి ఈ పని చేసేవాళ్లు ఆవిష్కరణ అనుకుని సంబరపడే మార్పుల్లో చాలా వరకు ఇలాంటివే.

తర్వాత గుర్తింపు సంఖ్యలు. ప్రతి పిల్లకూ ఒక నంబరు ఉంటుంది, విడతలు మారినా అది మారదు. ఇంట్లో మిగతావాళ్లకు వేరే నంబర్లు. ఏ ఫైలులో ఒక వరుస అంటే ఒక పిల్ల, ఏ ఫైలులో ఒక వరుస అంటే ఇంట్లో ఒక మనిషి అని చూసుకోకుండా ఫైళ్లు కలిపితే పెద్ద కుటుంబాలు పదేసి సార్లు లెక్కలోకి వస్తాయి. తెలియదన్న జవాబుకు 77, వర్తించదన్న దానికి 88 వంటి కోడ్లుంటాయి. వాటిని తీసేయకుండా సగటు కడితే రెండెకరాల రైతులు జమీందారులైపోతారు. 2006 నాటి వెయ్యి రూపాయలనూ 2016 నాటి వెయ్యినీ ధరల సూచీతో సరిచేయకుండా పోల్చితే అందరూ ధనవంతులైనట్టే కనిపిస్తారు. ఇవన్నీ చిన్న విషయాల్లా ఉంటాయి కానీ, పరిశోధన నిలబడేదీ కూలేదీ ఇక్కడే.

మనవాళ్లకు ఉన్న బలం కూడా ఇక్కడే బయటపడుతుంది. యంగ్ లైవ్స్ డేటాలో కోస్తా, రాయలసీమ, తెలంగాణ అని ప్రాంతాలు మొదటి నుంచీ వేరుగానే ఉన్నాయి కాబట్టి 2014 విభజన తర్వాత కూడా ఇబ్బంది లేదు. కానీ సర్వే మహబూబ్‌నగర్ అంటున్నది 2016లో జిల్లాలు ముక్కలు కాకముందు నాటి పాలమూరు అని, గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ అందులోవేనని ఆక్స్‌ఫర్డ్ విద్యార్థి వెతుక్కోవాలి. మనకు తెలుసు. ఇంటి జాబితాలో తండ్రి పేరు ఒక విడతలో ఉండి మరో విడతలో లేకపోతే అది ఎప్పుడూ విడాకులో చావో కాదని, ఏ నెలలో అడిగారో చూస్తే వలస సంగతి తేలవచ్చని పాలమూరు పిల్లకు వెంటనే తడుతుంది. పల్లెలో ప్రైవేటు బడి అంటే పక్క టౌను నుంచి పొద్దున్నే వచ్చే బస్సు ఎక్కి వెళ్లడమని, అది ఊరి బడి మీద అలక కాదని ఆమెకు తెలుసు. ఈ తెలివిడి మన దగ్గరుండీ, ఆ డేటా తెరవడం రాక, అది వృథా అవుతోంది.

గణాంకాల్లో రెండు విషయాలు మాత్రం ఎంత సేపైనా నేర్పాలి. మొదటిది, మనిషిని ఆ మనిషితోనే పోల్చడం. ఫిక్స్‌డ్ ఎఫెక్ట్స్ అనే పద్ధతి చేసేది అదే. తల్లి చదువు, కులం, పుట్టిన ఊరు లాంటి మారని సంగతులన్నీ ఆ పోలికలో రద్దైపోతాయి. అదే దాని బలం, అదే దాని హద్దు. కులం ప్రభావం ఎంత అని ఈ పద్ధతితో అడగలేం. మారని దాన్ని లెక్కలోంచి తీసేశాక దాని గురించి ఏమీ చెప్పలేం కదా. కులం మీద పనిచేస్తూ ఫిక్స్‌డ్ ఎఫెక్ట్స్ వాడతానని వచ్చే విద్యార్థిని అక్కడే ఆపాలి.

రెండోది, కొలతలో ఉండే తప్పు. బ్రిటన్‌లో 1970లో ఒకే వారంలో పుట్టిన పిల్లలను వెంటాడిన సర్వే ఉంది. లియాన్ ఫైన్‌స్టీన్ అనే ఆర్థికవేత్త 2003లో ఆ డేటాతో ఒక గ్రాఫు గీశాడు. ఇరవై రెండు నెలల వయసు పరీక్షలో పైన నిలిచిన పేద పిల్లలు క్రమంగా కిందికి జారుతారు. కింద నిలిచిన ఉన్నవాళ్ల పిల్లలు పైకి వస్తారు. పదేళ్లకు ముందే రెండు గీతలూ ఒకదాన్నొకటి దాటేస్తాయి. ఆ గ్రాఫు అక్కడి రాజకీయ చర్చల్లోకి ఎక్కింది. జెరిమ్, విగ్నోల్స్ అనే పరిశోధకులు దాన్ని తిరిగి పరీక్షించారు. ఒక్క పరీక్షలో చాలా ఎక్కువ మార్కులు తెచ్చుకున్నవాళ్లలో ఆ రోజు అదృష్టం కలిసొచ్చినవాళ్లు కొందరుంటారు, వాళ్లు తర్వాతి పరీక్షలో సహజంగానే సగటు వైపు వస్తారు. దాన్ని సరిచేసి చూస్తే గీతలు దాటుకోవడం అనే ఆ నాటకీయత నిలబడలేదు. పేద, ధనిక పిల్లల మధ్య అంతరం మాత్రం నిజమే. ఈ కథను నేను ప్రతి బ్యాచ్‌కీ చెబుతాను. పేద పిల్లలకు జరిగే అన్యాయం గురించి రాయాలన్న తపన మనకు ఎంత ఎక్కువుంటే, ఇలాంటి లెక్కలను అంత కటువుగా పరీక్షించాలి. ఆ పిల్లల పేరు మీద చెప్పే మాట తప్పు లెక్క మీద నిలబడితే, రేపు ఎవరైనా ఆ లెక్కను కొట్టేసినప్పుడు నిజమైన అన్యాయం కూడా దాంతో పాటే కొట్టుకుపోతుంది.

మళ్లీ దొరకని మనుషుల సంగతి కూడా చెప్పాలి. టాంజానియాలోని కగేరా ప్రాంతంలో 1990ల మొదట్లో అడిగిన మనుషులను 2004లో మళ్లీ వెతికారు. ఊరు వదిలి వెళ్లినవాళ్ల దగ్గరికి కూడా వెళ్లారు. ఊళ్లో ఉండిపోయిన వాళ్ల కన్నా వెళ్లిపోయిన వాళ్ల తిండీ ఖర్చూ 36 శాతం పాయింట్లు ఎక్కువగా పెరిగింది. ఊళ్లో దొరికినవాళ్లనే మళ్లీ అడిగి ఉంటే ఆ ప్రాంతం గురించి ఎంత తప్పు బొమ్మ వచ్చేదో చూడండి. మన దగ్గర ఇలా చేజారేది పెళ్లయి వెళ్లిన ఆడపిల్లలు, బెంగుళూరుకో హైదరాబాదుకో పోయిన కుర్రాళ్లు. ఏ విడతలో ఎవరు జారిపోయారు, వాళ్ల మొదటి విడత పరిస్థితి ఏమిటి అన్న పట్టిక లేని థీసిస్‌ను వైవాలో నేను దాటనివ్వను. యంగ్ లైవ్స్ ఈ విషయంలో గొప్పగా పనిచేసింది. 2016 నాటికి కూడా మన పిల్లల్లో దాదాపు పదికి తొమ్మిది మందిని నిలుపుకుంది.

ఈ మాటలకు డిపార్టుమెంట్లలో వచ్చే అభ్యంతరాలు నాకు తెలుసు. ‘సొంతంగా ఊళ్లు తిరగని సోషల్ సైంటిస్టు ఏం సోషల్ సైంటిస్టు’ అంటారు. ఊరు తిరగొద్దని నేననడం లేదు. డేటాలో కనిపించిన వింత ఎందుకో అర్థం చేసుకోవడానికి వెళ్లి కూర్చుని మాట్లాడండి. ముప్పై మందితో తీరిగ్గా మాట్లాడిన మాటలు, మూడు వందల మందితో హడావిడిగా టిక్కులు పెట్టించిన కాగితాల కన్నా ఎంతో విలువైనవి. ‘యంగ్ లైవ్స్ రాష్ట్రం మొత్తానికి ప్రాతినిధ్యం వహించదు’ అంటారు. నిజమే. పేద ప్రాంతాలకు ఎక్కువ చోటిచ్చి ఎంచుకున్న శాంపిల్ అది. రాష్ట్రంలో ఎంత శాతం అన్న ప్రశ్నకు అది పనికిరాదు. ఒక సంగతికి ఇంకో సంగతికి ఉన్న సంబంధాన్ని, అది కాలంతో ఎలా సాగిందో చూడటానికి పనికొస్తుంది. నాలుగు ఊళ్ల మూడు వందల కుటుంబాలు మాత్రం ఏ రాష్ట్రానికి ప్రాతినిధ్యం వహిస్తున్నాయి?

నాకు అన్నిటికన్నా ముఖ్యమైన కారణం వేరే ఉంది. కూలికి పోవాల్సిన తల్లి ఆ పూట ఆగి, ఇంట్లో ఎంత తిన్నారో, ఎంత అప్పుందో, పిల్ల ఎందుకు బడి మానేసిందో ఎవరో వస్తే కూర్చుని చెప్పింది. ఏళ్ల తరబడి చెబుతూనే ఉంది. ఆ మాటలు కోడ్లుగా మారి ఒక ఆర్కైవులో ఉన్నాయి. వాటిని తెరిచి కూడా చూడకుండా, అదే మండలంలో అలాంటి ఇంకో తల్లి ముందు కూర్చుని మళ్లీ మొదటి నుంచీ అడగడం నాకు న్యాయంగా అనిపించదు. ఇచ్చిన జవాబు వాడలేదు, మళ్లీ జవాబు అడుగుతున్నాం. పరిశోధన నీతి అంటే సమ్మతి పత్రం మీద వేలిముద్ర ఒక్కటే కాదు. ఆ పిల్లల ఊళ్ల పేర్లు డేటాలో దాచిపెట్టారు. అవేవో కనిపెట్టాలని ప్రయత్నించకపోవడం కూడా ఆ నీతిలో భాగమే.

కాబట్టి నేను అడుగుతున్నది ఇది. ఎంఏ రెండో ఏడాదిలో ఒక సెమిస్టరు, ఒకే ఒక్క డేటాసెట్. మొదటి నెల ప్రశ్నావళులు, రెండో నెల ఫైళ్లు కలపడం, తర్వాత అచ్చయిన ఒక పేపరులోని ఒకే ఒక్క పట్టికను అంకె అంకె సరిపోయేదాకా తిరిగి తయారు చేయడం. కొత్తగా కనిపెట్టమని అడగొద్దు, ఆ పట్టిక చాలు. పీహెచ్‌డీ నిబంధనల్లో సొంత ప్రైమరీ డేటా ఉండి తీరాలన్న షరతు రాతపూర్వకంగా ఉన్నచోట తీసేయాలి, అలవాటుగా ఉన్నచోట గైడ్లు వదిలేయాలి. 2002 కరువులో ఏడాది వయసున్న పిల్లలకు ఇప్పుడు పెళ్లిళ్లవుతున్నాయి, కొందరి ఒళ్లో పిల్లలున్నారు. తల్లి ఏడాది వయసులో ఎంత ఎత్తుందో తెలిసి, ఆమె బిడ్డ ఎలా ఎదుగుతోందో చూడగలిగే అవకాశం మన జిల్లాల నుంచి వచ్చిన డేటాకు ఉంది. ఈ ఏడాది సినాప్సిస్ రాస్తున్న వాళ్లలో ఎవరికైనా ఆసక్తి ఉంటే, ముందు 2002 విడత తల్లుల ప్రశ్నావళి దించుకుని మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టండి.